తుడుపు పద్ధతిలో చార్‌కోల్ చిత్రం

కాగితమంతా బొగ్గుతో నల్లబరచి, వెలుగు పడాల్సిన చోట ఆ నలుపును రబ్బరుతో తీసేస్తూ బొమ్మ కట్టడాన్ని చిత్రకారులు రిడక్షన్ అనీ సబ్‌ట్రాక్టివ్ డ్రాయింగ్ అనీ అంటారు. తెలుగులో తుడుపు పద్ధతి అంటే సరిపోతుంది. మామూలు బొమ్మలో తెల్ల కాగితం మీద గీతా నీడా చేరుస్తూ పోతారు. ఇందులో నీడ ముందే వచ్చి కూర్చుంటుంది, చేయవలసిందల్లా వెలుగును బయటికి తీయడం. తెల్లరంగు గానీ సుద్ద గానీ ఎక్కడా వాడరు. పూర్తయిన బొమ్మలో కనిపించే తెలుపంతా కాగితానిదే. రబ్బరు ఇక్కడ తప్పులు దిద్దే వస్తువు కాదు, బొమ్మ గీసేదే అది.

నల్లటి నేల మీద తెల్లగా రాయడం తెలుగు పిల్లలకు కొత్త కాదు. మార్కాపురం పలకల మీద ఎన్నో తరాలు అక్షరాలు దిద్దాయి. పలక నలుపు తగ్గితే బొగ్గుపొడీ ఆకు పసరూ కలిపి రుద్దేవారు. కానీ పలకకూ ఈ బొమ్మకూ పోలిక అంతవరకే. బలపం తన తెలుపును తెచ్చి పలక మీద పెడుతుంది, ఎంత ఒత్తితే అంత తెలుపు. రబ్బరు దగ్గర ఇచ్చేందుకు ఏమీ లేదు, ఉన్న నలుపును పట్టుకుపోవడమే దాని పని. కాగితం పోగుల్లోకి ఇంకిపోయిన బొగ్గును అది కూడా తీయలేదు. కాబట్టి చివర్లో బొమ్మకు ఎంత తెలుపు దక్కుతుందో మొదట పూత వేసినప్పుడే చాలావరకు తేలిపోతుంది. ఈ పద్ధతిలో వచ్చే లాభాలు, చిక్కులు ఎక్కువ భాగం ఇక్కడినుంచే మొదలవుతాయి.

బొగ్గు

గాలి తగలకుండా కర్రను బాగా కాలిస్తే నీరు, తారు, వాయువులు వెళ్లిపోయి కర్బనం మిగులుతుంది. అదే బొగ్గు. బొమ్మల బొగ్గుకు యూరప్‌లో విల్లో పుల్లలూ ద్రాక్షతీగ ముక్కలూ వాడుకలో ఉన్నాయి. ముడులు లేకుండా, ఒకే లావున, బాగా ఎండిన పుల్ల కావాలన్నది ఎక్కడైనా ఒకటే. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీనీ రాసిన చిత్రకళా గ్రంథంలోనే దీని తయారీ ఉంది. విల్లో పుల్లలను కట్టలు కట్టి, కొత్త కుండలో పెట్టి, మూతకు మట్టి మెత్తి, రాత్రి రొట్టెల పొయ్యిలో ఉంచి పొద్దున తీయమంటాడాయన.

ఇప్పుడు అదే పని మూత బిగుతుగా పట్టే రేకు డబ్బాతో చేయవచ్చు. పుల్లలను నిలువుగా కూరి, మూతకు మేకు దూరేంత చిల్లు పెట్టి, డబ్బాను నిప్పుల మీద ఉంచుతారు. ముందు తెల్లటి ఆవిరి వస్తుంది. తర్వాత పసుపు చాయ పొగ వస్తుంది, దానికి నిప్పు చూపిస్తే అంటుకుంటుంది. పొగ పూర్తిగా ఆగాక చిల్లు మూసి, డబ్బా చల్లారేదాకా తెరవకూడదు. తొందరపడి వేడిమీద మూత తీస్తే గాలి తగిలి బొగ్గు రాజుకుని బూడిదే మిగులుతుంది. బాగా కాలిన పుల్ల విరిస్తే టక్కున విరుగుతుంది, గాజుముక్క తగిలినట్టు సన్నగా మోగుతుంది. లోపల గోధుమరంగు ఉంటే అది సగమే కాలింది, కాగితాన్ని గీకుతుంది.

ఇలాంటి పుల్ల బొగ్గులో జిగురు ఉండదు. దాని రేణువులు కాగితం గరుకులో చిక్కుకుని నిలబడతాయంతే, అంటుకోవు. వేలితో తట్టితే రాలతాయి, గుడ్డతో అంటే జరుగుతాయి. మామూలు బొమ్మకు ఇదొక లోపం, తుడుపు పద్ధతికి ఇదే ప్రాణం. బొగ్గుపొడిని జిగురుతో అదిమి చేసే కంప్రెస్డ్ చార్‌కోల్ మరింత నల్లగా ఉంటుంది కానీ పట్టు వదలదు, దాన్ని తుడిస్తే బూడిదరంగు మరక ఉండిపోతుంది. అందుకని పూతకు పుల్ల బొగ్గు లేదా దాని పొడి, చివరి చిక్కటి నలుపులకు కంప్రెస్డ్ చార్‌కోల్ లేదా చార్‌కోల్ పెన్సిల్ అన్నది సామాన్యంగా పాటించే వరస. మామూలు పెన్సిల్‌లోని గ్రాఫైట్ ఈ పనికి అంతగా నప్పదు. గట్టిగా రుద్దితే అది మెరుస్తుంది, ఆ మెరుపు నలుపును తినేస్తుంది. బొగ్గు మెరవదు, పడిన వెలుగును మింగేస్తుంది.

కాగితం, రబ్బర్లు

కాగితానికి కొంచెం గరుకు ఉండాలి, దెబ్బలు తట్టుకునే మందమూ ఉండాలి. నున్నటి చార్టు మీద బొగ్గు నిలవదు. మరీ గరుకు కాగితం గుంటల్లో దిగిన పొడి రబ్బరుకు అందదు. 160 నుంచి 200 జీఎస్ఎం దాకా మందమున్న కార్ట్రిడ్జ్ కాగితం నేర్చుకునేవారికి చాలు. న్యూస్‌ప్రింట్ చవకే గానీ నాలుగు తుడుపులకు పోగులు లేస్తాయి, తర్వాత ఏడాది తిరక్కుండానే పసుపెక్కుతుంది.

రబ్బర్లలో ముఖ్యమైనది ముద్ద రబ్బరు, దుకాణాల్లో నీడెడ్ ఎరేజర్ అని అడగాలి. చపాతీ పిండిలా పిసికి ఎలా కావాలంటే అలా మలచుకోవచ్చు. దీంతో రుద్దరు, కాగితం మీద ఒత్తి ఎత్తుతారు. ఒత్తిన ప్రతిసారీ కొంత పొడి దానికి అంటుకుని వస్తుంది కాబట్టి నలుపు మెట్టుమెట్టుగా తగ్గుతుంది. పదునుగా తెల్లటి గీత కావలసిన చోట గట్టి ప్లాస్టిక్ రబ్బరును బ్లేడుతో ఏటవాలుగా కోసి ఆ అంచుతో లాగుతారు. పెద్ద మేరను తేలిక చేయడానికి మెత్తని తోలు ముక్క గానీ, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు గుడ్డ గానీ పనికొస్తుంది. 1770లో శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు గురించి రాసేనాటికి యూరప్ చిత్రకారుల చేతిలో ఉన్న తుడుపు సాధనం రొట్టెముక్క. లోపలి మెత్తని భాగాన్ని ఉండ చేసి అద్దేవారు, పని ముద్ద రబ్బరుదే. బొగ్గు గీతలను ఈకతో దులపడం కూడా పాత అలవాటే.

పూత

బొగ్గుపొడిని కాగితం మీద చల్లి, గుడ్డను సుడులు తిప్పుతూ తేలిగ్గా పరుస్తారు. పొడి లేకపోతే పుల్లను అడ్డంగా పడుకోబెట్టి అంతటా రాసి, తర్వాత గుడ్డతో కలుపుతారు. చేతి బరువు ఇక్కడే అదుపులో ఉండాలి. గట్టిగా రుద్దితే పూత చక్కగా, మచ్చలేకుండా కనిపిస్తుంది, కానీ ఆ చక్కదనానికి రేపు తెలుపు రూపంలో బాకీ తీర్చాలి. వేలితో రుద్దడం ఇంకా చెడ్డది. చర్మం మీది జిడ్డు బొగ్గును కాగితానికి అతికిస్తుంది, ఆ వేలిముద్ర ఏ రబ్బరుకూ లొంగదు. పూత అయ్యాక కాగితాన్ని నిలబెట్టి వెనకనుంచి తడితే మిగులు పొడి రాలిపోతుంది. నోటితో ఊదకూడదు, తుంపర పడ్డ చోటల్లా చుక్క ఏర్పడుతుంది.

పూత ఎంత నల్లగా ఉండాలన్న దాంట్లో రెండు దారులున్నాయి. నడిమి బూడిదరంగు పూత వేస్తే వెలుగులు తుడిచి తీసి, నీడలు మళ్లీ బొగ్గుతో చేరుస్తారు, పూత రంగు మధ్య టోన్‌గా ఉండిపోతుంది. బడుల్లో ఎక్కువగా నేర్పేది ఇదే. రెండోది కాగితాన్ని వీలైనంత నల్లగా చేసి తుడుపు ఒక్కదానితోనే బొమ్మను తీయడం. దీపపు వెలుగు, రాత్రి దృశ్యాలు, చీకట్లోంచి తేలే ముఖాలు దీనికి బాగా కుదురుతాయి. పట్టపగటి దృశ్యాలకు ఇది వృథా శ్రమ, తొంభై పాళ్లు తుడవాల్సిన దానికి నల్లపూత వేయడమెందుకు?

వెలుగు తీయడం

పల్నాడులో సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ల పోయే దారిలో ఉన్న రాజుపాలెం వైపు నాపరాయి పరిచిన ఇల్లు ఒకటి తీసుకుంటే పని వరస తేలిగ్గా బోధపడుతుంది. పొద్దుటి పూట, తలుపు ఒక రెక్క తెరిచి ఉంది. లోపల సున్నం వేసిన గోడ, కింద బూడిదరంగు నాపబండలు, గడప పక్కన నీళ్ల బిందె. తెరిచిన రెక్క మేర ఎండ బండల మీద పొడుగ్గా పడింది.

ఈ దృశ్యం ముందు కూర్చున్న కొత్తవాడు రబ్బరును ముందు గోడ మీదికి తీసుకుపోతాడు. సున్నపు బట్టీల పిడుగురాళ్లకు కూతవేటు దూరంలో సున్నం గోడ తెల్లన అని వేరే చెప్పాలా? అక్కడే బొమ్మ చెడుతుంది. ఆ గోడ నీడలో ఉంది. కళ్లు చికిలించి చూస్తే గోడ మసకగా, ఎండ పడ్డ నాపబండ దానికంటే ఎంతో తెల్లగా కనిపిస్తాయి. బండ బూడిదరంగు అన్నది తెలిసిన సంగతి, అది తెల్లగా ఉండటం కనిపించే సంగతి. ఈ పద్ధతి కనిపించేదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. సున్నం గోడను పూత రంగులోనే వదిలేయాలి, మహా అయితే తలుపు వైపు గుడ్డతో ఒక్కసారి అనాలి.

కాబట్టి మొదట తుడిచేది ఎండ పట్టీ. గుడ్డతో దాని ఆకారం మొత్తం తేలిక చేసి, ముద్ద రబ్బరుతో ఒత్తుతూ గడప దగ్గర బాగా, లోపలికి పోయేకొద్దీ తక్కువగా నలుపు తీస్తారు. బండకూ బండకూ మధ్య సందులను గీయనక్కర్లేదు, తుడవకుండా వదిలిన సన్నటి పూతే సందు అవుతుంది. తర్వాత బిందె. దాని భుజం మీద ఎండ వైపు ఒక వంపు మాత్రం తీస్తే చాలు. కడుపు భాగం గోడ నీడలో కలిసిపోయినా చూసేవారి కన్ను మిగతా గుండ్రాన్ని తనే పూరిస్తుంది. బండల మీదినుంచి ఎగసిన వెలుగు బిందె అడుగున మసకగా కనిపిస్తుంది, దాన్ని ముద్ద రబ్బరు ఒక్కసారి తాకించి ఊరుకోవాలి. అన్నీ అయ్యాక, ప్లాస్టిక్ రబ్బరు మొనతో బిందె అంచు మీద మినపగింజంత మెరుపు. ఆ మెరుపును ముందే పెట్టేస్తే మిగతా తెలుపులన్నీ దానితో పోటీపడి బొమ్మంతా చుక్కలమయం అవుతుంది.

ఇక తలుపు వెనక మూల, బిందె కింది నీడ, గడప పగులు, ఈ మూడు చోట్ల కంప్రెస్డ్ చార్‌కోల్ పడుతుంది. మొత్తం బొమ్మలో టోన్లు అయిదుకు మించవు. చిక్కటి నలుపూ కాగితపు తెలుపూ రెండూ కొసరి కొసరి వాడినవే, బొమ్మలో ముప్పాతిక వంతు వాటి మధ్య ఉన్న బూడిదరంగుల్లోనే నడుస్తుంది.

ఈ క్రమంలో గీత అన్నది ఎక్కడా రాలేదు. వస్తువుకు హద్దు వెలుగూ నీడా కలిసే అంచు. ఎండ పట్టీ అంచు కత్తిరించినట్టు ఉండాలి, బిందె వంపు మీది అంచు కరిగినట్టు ఉండాలి. మొదటిది ప్లాస్టిక్ రబ్బరు ఇస్తుంది, రెండోది ముద్ద రబ్బరు, గుడ్డ ఇస్తాయి. లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలకు తయారై వచ్చిన విద్యార్థికి ఔట్‌లైన్ ముందు, షేడింగ్ తర్వాత అన్న అలవాటు చేతిలో నాటుకుని ఉంటుంది. అతడు తుడిచిన ప్రతి ఆకారం చుట్టూ మళ్లీ పెన్సిల్ గీత గీస్తాడు, తీసిన వెలుగుకు కంచె వేసినట్టవుతుంది. ఆ అలవాటు మాన్పించడానికి బొగ్గూ రబ్బరూ తప్ప పెన్సిల్ చేతికివ్వకపోవడం మంచి ఉపాయం.

పల్నాడులోనే దుర్గి రాతి శిల్పులు చేసే పనీ తీసివేతే. కానీ ఉలి దెబ్బకు పోయిన రాయి తిరిగి రాదు. ఇక్కడ ఎక్కువ తుడిచిన చోట గుడ్డకు అంటిన పొడితో మళ్లీ నలుపు అద్దవచ్చు, మళ్లీ తుడవవచ్చు. కాకపోతే ఆ రాకపోకలకూ లెక్క ఉంది. నాలుగైదు మార్లు తిరిగేసరికి కాగితం గరుకు అరిగి బొగ్గు పట్టదు, రబ్బరు జారుతుంది, మురికి బూడిదరంగు మచ్చ మిగులుతుంది. మురికి పట్టిన ముద్ద రబ్బరు కూడా ఇదే చేస్తుంది, తీసిన బొగ్గును మరోచోట పూస్తుంది. మాటిమాటికీ దాన్ని సాగదీసి, మడిచి, శుభ్రమైన లోపలి భాగాన్ని పైకి తేవాలి. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్న పల్నాటి వేసవిలో మరో బెడద చెమట. మణికట్టు కింద శుభ్రమైన కాగితం వేసుకోకపోతే చేయి ఆనిన చోటల్లా పూత తడిసి అతుక్కుంటుంది. ఫ్యాను వేస్తే పొడి గదంతా ఎగురుతుంది. బొగ్గు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి పొడితో పూత వేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం అవసరం.

చరిత్రలో

బొగ్గుతో బొమ్మ వేయడం మనిషికి తెలిసిన అతి పాత కళల్లో ఒకటి. ఫ్రాన్స్‌లోని షోవే గుహ 1994 డిసెంబరులో బయటపడింది. దాని గోడల మీది బొగ్గు బొమ్మల్లో కొన్ని ముప్పై వేల ఏళ్లు దాటినవి. ఆ చిత్రకారులు కొన్నిచోట్ల గోడ పైపొరను గీకి తెల్లటి రాతిని తేల్చి దాని మీద గీశారు, బొగ్గును చేత్తో పులిమి నీడ తెచ్చారు. తీసివేత అప్పటికే వాళ్ల చేతిలో ఉందన్నమాట.

ఆ తర్వాత చాలాకాలం బొగ్గు ఎక్కువగా చిత్తుపనికే పరిమితమైంది. గోడ మీదో చెక్కపలక మీదో ముందుగా గీసుకుని, రంగు పడగానే దులిపేసేవారు. నిలబెట్టే తేలికైన ఉపాయం లేకపోవడం దీనికి ఒక కారణం. పందొమ్మిదో శతాబ్దంలో లక్కను స్పిరిటులో కరిగించి చిమ్మే ఫిక్సేటివ్‌లు వాడుకలోకి రావడంతో ఫ్రాన్స్‌లో బొగ్గు బొమ్మ తనంతట తానే పూర్తి చిత్రమైంది. ఒడిలోన్ రెడాన్ (1840–1916) తన బొగ్గు చిత్రాలను ‘నలుపులు’ అనే పిలిచాడు. పూయడం, తుడవడం, గీకడం అన్నీ వాటిలో కనిపిస్తాయి. దక్షిణాఫ్రికా చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ 1989 నుంచి బొగ్గుతో గీసి చెరిపే ఈ పనిని సినిమాకు తెచ్చాడు. ఒకే కాగితం మీద బొగ్గుతో గీసి, ఫిల్మ్ మీదికి తీసి, కొంత చెరిపి, మార్చి, మళ్లీ తీస్తాడు. చెరిపినదాని జాడ పూర్తిగా పోదు, నడిచే మనిషి వెనక అతని పాత అడుగులు మసకగా మిగులుతాయి. కాగితంలో ఇంకిన బొగ్గు రాదన్న లోపాన్నే ఆయన కథనానికి వాడుకున్నాడు.

నలుపులోంచి తెలుపును తీసే ఆలోచన అచ్చు కళలోనూ ఉంది. 1642లో లుడ్విగ్ ఫాన్ సీగెన్ చేతిలో మొదలైన మెజోటింట్ తర్వాత స్థిరపడిన రూపంలో రాగిరేకునంతా పళ్లున్న పనిముట్టుతో గరుకు చేస్తారు. అలా అచ్చువేస్తే ముఖమల్ లాంటి నలుపు వస్తుంది. వెలుగు కావలసిన చోట ఆ గరుకును నున్నగా రుద్దుతారు. బొగ్గు బొమ్మలో రబ్బరు చేసే పనిని అక్కడ ఉక్కు పనిముట్టు చేస్తుంది.

తెలుగు నేల మీద

తెలుగునాట బొగ్గుపుల్లను తరతరాలుగా వృత్తిపనిముట్టుగా పట్టుకున్నవారు శ్రీకాళహస్తి కలంకారీ పనివారు. కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో ముంచి ఎండబెట్టిన గుడ్డ మీద, చింతపుల్లలు కాల్చి చేసిన బొగ్గుతో దేవతల రూపాలకు, కథల గళ్లకు హద్దులు గీసుకుంటారు. కొలత తప్పితే గుడ్డతో దులిపి మళ్లీ గీస్తారు. ఆ తర్వాత ఇనుము, బెల్లం పులియబెట్టి తీసిన కసింతో కలం నడుస్తుంది. కరక్కాయలోని వగరు తగలగానే కసిం నల్లబడి గుడ్డను శాశ్వతంగా పట్టుకుంటుంది. బొగ్గు మాత్రం పట్టుకోదు, దులుపులో, ఉతుకులో పోతుంది. 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో ఈ కళ నేర్పే కేంద్రం పెట్టినప్పుడు గురువుగా ఉన్న జొన్నలగడ్డ లక్ష్మయ్య తరం నుంచి నేటి దాకా ఈ వరస మారలేదు. కలంకారీలో బొగ్గు సులువుగా రాలిపోవడం ఎంత మేలో, తుడుపు చిత్రంలోనూ అంతే మేలు. తేడా ఏమిటంటే అక్కడ అది మొత్తం పోవాలి, ఇక్కడ పోవలసిన చోటే పోవాలి.

కాగితం మీది వెలుగునీడల చిత్రం తెలుగువారికి వచ్చింది ఆర్ట్ స్కూళ్ల దారిన. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి రాజమహేంద్రవరం తిరిగొచ్చిన దామెర్ల రామారావు (1897–1925) ఆ శిక్షణను ఇక్కడి మనుషుల మీదికి, గోదావరి వెలుగు మీదికి తిప్పినవారిలో ముందువరసలోని వ్యక్తి. హైదరాబాదులోని ఫైన్ ఆర్ట్స్ కళాశాల, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల శాఖ తర్వాతి తరాలకు శిక్షణ ఇచ్చాయి. రంగుల తెలంగాణ స్త్రీమూర్తులతో పేరొందిన తోట వైకుంఠం (జననం 1942) చార్‌కోల్‌తోనూ బొమ్మలు వేశారు. అయితే ఆయన బలం గీతలో ఉంది. తెలుగు చిత్రకారుల్లో చాలామంది సంగతీ ఇదే. ముగ్గు, తోలుబొమ్మ, కలంకారీ, పత్రికల్లో రేఖాచిత్రం, అన్నీ గీత చుట్టూ అల్లుకున్నవి కావడంతో గీత లేని ఈ పద్ధతి క్లాసుగదిలో అభ్యాసంగా నిలిచినంతగా చిత్రకారుల సొంత శైలిగా నిలబడలేదు.

నిలబెట్టడం, దాచడం

ఫిక్సేటివ్ చిమ్మితే బొగ్గు కాగితానికి అతుకుతుంది, కానీ టోన్లన్నీ ఒక మెట్టు ముదురుతాయి, ఎంతో జాగ్రత్తగా తీసిన మసక వెలుగులు వాటిలో ముందుగా మునుగుతాయి. చిమ్మిన తర్వాత తుడుపు సాగదు. అందుచేత ఈ పద్ధతి బొమ్మకు పని పూర్తిగా ముగిశాకే, అడుగున్నర దూరం నుంచి, పలచగా రెండు మూడు విడతలు చిమ్మాలి. కొందరు అసలే చిమ్మరు. అలాంటి బొమ్మను చుట్టకూడదు, బల్లపరుపుగా, పైన బటర్ పేపర్ పరిచి, జరగకుండా దాచాలి. ఫ్రేము కట్టేటప్పుడు గాజుకూ కాగితానికీ మధ్య మౌంటుబోర్డు మందం ఖాళీ వదలాలి. గాజుకు బదులు యాక్రిలిక్ షీటు వేస్తే అందులో పుట్టే స్థిర విద్యుత్తు బొగ్గు రేణువులను లాగేసుకుంటుంది, కొన్నాళ్లకు బొమ్మలో కొంత షీటు లోపలి వైపు కనిపిస్తుంది. కర్బనం ఎండకు వెలవదు. చెడేది కాగితమే, ఆమ్లం ఉన్నదైతే పెళుసెక్కుతుంది, వానాకాలపు తేమకు బూజు పడుతుంది. బూజు చుక్కలను గుడ్డతో దులపబోతే బొమ్మే లేచిపోతుంది కనుక, ఫ్రేమును తడి గోడకు ఆనించకుండా వెనక చిన్న చెక్కముక్కలు పెట్టి గాలి ఆడనివ్వాలి.